మాస్టారి బొత్తాలు ఆగిన రోజు

మా ఓనరు గారిని ఇన్నేళ్ళుగా నేను ఓనరు గారండీ అనే పిలుస్తున్నాను. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి వారం తిరక్కుండానే బాబాయి గారూ అనేసింది. ఆయన చేతిలో ఫోను పక్కన పెట్టి మరీ ఆయ్ అని పలికారు. అవునండి, చెప్పండి అన్నట్టు పలికే ఆయ్ అనే మాట మా కోనసీమలో ఎవరైనా ఎవరితోనైనా అంటారు. నాతోనూ రోజుకు ఎన్నోసార్లు అంటారు. కానీ ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి నేను విన్న ఆయ్ వేరు. కడుపులో భగ్గుమంది.

ఆ మంటకి కాస్త గౌరవంగా ఉండే పేరేదైనా పెడదామని చాలా రోజులు చూశాను. ఆఫీసన్నాక చుట్టరికాలు కలపకూడదని, చిన్నా పెద్దా తేడా ఉండాలని, నాలో నేను ఎన్నో కారణాలు చెప్పుకున్నాను. ఇంట్లో ఈ కారణాలన్నీ వినిపిస్తే మా ఆవిడ పప్పు వడ్డిస్తూ ఒక్క మాటలో తేల్చేసింది. "ఆ పిల్లంటే మీకు ఏడుపండీ," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆవిడ నా గురించి తప్పు చెప్పింది లేదు, అదీ నా బాధ.

నా సంగతి కొంచెం చెప్పాలి. అమలాపురంలో ఒకప్పుడు నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆ మిషన్లు మూలబడ్డాక, అంబాజీపేట రోడ్డు మీద ఈ కొబ్బరి యార్డులో బిల్లులు కొట్టే పనిలో చేరాను. ఇన్‌స్టిట్యూట్ పోయినా మాస్టారు అనే పిలుపు నా వెనకే వచ్చేసింది. చేరిన కొత్తల్లో కాటా దగ్గర లారీ బరువు ఒకరు రాసేవారు, షెడ్డులో కురిడీ, అంటే ఎండు కొబ్బరి, బస్తాల లెక్క ఇంకొకరు రాసేవారు, ఆ రెండూ చూసి నేను మళ్ళీ టైపు చేసేవాణ్ణి. కురిడీలో గండేరా అనే రకం బస్తాలు గటగట అనే రకం లెక్కలో పడిపోయేవి, గటగట వెళ్ళి గండేరాలో కూర్చునేది. సరుకు దిగిన ఊళ్ళ నుంచి ఫోన్లు వచ్చేవి. ఆ మాటలు పడలేక, ఇంటి దగ్గర ఫోనులో పాఠాలు చూసి చూసి, స్క్రిప్టులు రాయడం నేర్చుకున్నాను.

స్క్రిప్టు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కంప్యూటరుకి ముందుగానే రాసి పెట్టుకునే పనుల వరస. కాటా దగ్గర్నుంచి బరువు తీసుకో, షెడ్డు నుంచి బస్తాల లెక్క తీసుకో, రెండూ కలిపి లోడు చీటీ అచ్చు వెయ్యి, లారీ వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ వే బిల్లుకి కావలసినవన్నీ ఒక చోట పెట్టు అని చెప్పి ఉంచుతాం. మనిషి దాని మీద ఒకసారి నొక్కితే చాలు, మిగతాదంతా అదే చేసుకుపోతుంది. కాటా దగ్గరా, షెడ్డులోనూ, బిల్లుల గదిలోనూ, ఓనరు గారి గది బయట ఉన్న నా బల్ల దగ్గరా, ప్రతి కంప్యూటరు మీదా ఇలాంటివి పెట్టాను. లెక్కలన్నీ మాత్రం ఓనరు గారి గదిలో ఉన్న పెద్ద కంప్యూటరులో, నా పేరుతో ఉన్న ఫోల్డరులోకి చేరతాయి. స్క్రిప్టులన్నీ అక్కడికే వెళ్ళి తెచ్చుకుంటాయి. యార్డులో ఎవరికీ స్క్రిప్టు అన్న మాట నోరు తిరగలేదు. వాటికి మాస్టారి బొత్తాలని పేరు పెట్టేశారు.

ఆ పేరు నాకు జీతం కన్నా ఎక్కువ. ఎక్కడ ఏది ఆగినా, ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా సరే, యార్డంతా ఒకటే మాట అనేది, మాస్టారిని అడగండి అని. నేను సెలవు పెడితే నా ఫోను సెలవు పెట్టేది కాదు. పెళ్ళిళ్ళలో, పంక్తి భోజనంలో కూడా మోగేది. పక్కవాళ్ళు విసుక్కునేవారు, నేను పైకి విసుక్కునేవాణ్ణి. లోపల మాత్రం పాయసం తాగినట్టుండేది.

ఇంకో సంగతి. మొదట్లో బొత్తంలో ఏదైనా తేడా వస్తే తెర మీద ఎర్రటి అక్షరాలతో ఇంగ్లీషు వచ్చేది. కాటా దగ్గర పనిచేసే ఆయన పెద్దమనిషి. కాటా ఎంత నిదానమో ఆయనా అంతే. ఆ ఎరుపు చూసి, ఇదేదో నన్ను కోప్పడుతోందండి మాస్టారూ అని ఆ పూటంతా చిన్నబుచ్చుకున్నారు. మా వైపు మనిషిని తిట్టాలన్నా పేరు చివర గారు తగిలించే తిడతారు. అలాంటి చోట యంత్రం మాత్రం మొహం మీద కసురుకోవడం ఏమిటని నాకూ అనిపించింది. అందుకని లోపల ఏ తప్పు జరిగినా ఆ ఎరుపు బయటికి రాకుండా చేసి, దాని బదులు ఒకే మాట కనపడేలా రాశాను. "క్షమించండి. ప్రస్తుతం వీలుపడటం లేదండి. దయచేసి కాసేపు ఆగి నొక్కండి." ఈ మర్యాద చూసి యార్డంతా మెచ్చుకుంది. ఓనరు గారు బయట నుంచి వచ్చినవాళ్ళకి పనిగట్టుకుని చూపించేవారు.

ఇలా ఉండగా ఆ అమ్మాయి వచ్చింది. ఓనరు గారి భార్య తరఫున దూరపు చుట్టం. ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేసింది. భర్తకు తాటిపాకలో గ్యాసు పనుల దగ్గర ఉద్యోగం రావడంతో ఇటు వచ్చేసింది. ఊరికే కూర్చోవడమెందుకని ఓనరు గారు పిలిచి, ఏసీ ఉన్న తన గదిలోనే, పెద్ద కంప్యూటరు ముందు కుర్చీ వేయించారు. ఆ గదిలో నాకెప్పుడూ కుర్చీ లేదు. పని ఉన్నప్పుడు వెళ్ళి నిలబడి చేసి వచ్చేవాణ్ణి, అది నాకు లోటుగా కూడా అనిపించలేదు. కుర్చీ వేశాకే, అక్కడ కుర్చీ పట్టేంత చోటు ఉందని తెలిసింది.

ఇక అక్కణ్ణుంచి నా కళ్ళు ఊరుకోలేదు. లోపలి నుంచి టీ వస్తే ఆ అమ్మాయికి స్టీలు గ్లాసు, నాకు కాగితం కప్పు. యార్డులోవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళి మేడం గారండీ అనడం మొదలెట్టారు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. కాటా ఆయన కూడా, తలకి చుట్టిన తువ్వాలు చేతిలోకి తీసుకుని మరీ ఆ గదిలోకి వెళ్ళేవారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ తువ్వాలు తల మీదే ఉండేది.

పోనీ ఆ పిల్లకి పొగరుందా అంటే, అదీ లేదు. ఉంటే నాకెంత హాయిగా ఉండేదో. వచ్చిన రోజుల్లోనే నా స్క్రిప్టులు తెరిచి చదివి, చాలా బాగా రాసేరండి మాస్టారూ అంది. నాకది పరీక్ష పేపరు దిద్ది మార్కులు వేసినట్టు వినిపించింది. ఆ మెప్పు ఇంకెవరి నోట వచ్చినా ఇంటికెళ్ళి రెండుసార్లు చెప్పుకునేవాణ్ణి. ఆ అమ్మాయి చేసే పనిలో తప్పు దొరుకుతుందేమోనని, ఏదో పని ఉన్నట్టు వెనక నుంచి తొంగి చూసేవాణ్ణి. దొరికేది కాదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చేది.

దసరా ముందు రోజులవి. నవరాత్రులకి ఉత్తరాదికి కొబ్బరి ఎగబడి వెళుతుంది. గేటు బయట లారీలు వరసకట్టి ఉన్నాయి. డ్రైవర్లు లారీల నీడలో స్టవ్వులు పెట్టుకుని రొట్టెలు కాల్చుకుంటున్నారు. ఆ ఉదయం నేను వచ్చేసరికి నా కంప్యూటరు తనంతట తాను అప్‌డేటు వేసుకుని, ఆగి మళ్ళీ మొదలై ఉంది. దాన్ని చూసి పెద్దగా పట్టించుకోలేదు. అంతలో కాటా దగ్గర నుంచి ఫోను.

"మాస్టారండి, బొత్తం కాసేపు ఆగమంటోందండి," అన్నారు కాటా ఆయన.

ఎప్పటి నుంచి అని అడిగాను. యార్డు తీసిన దగ్గర్నుంచీ అండి అన్నారు. మరి ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదంటే, అది ఆగమంది కదండి, ఆగేనండి, మళ్ళీ నొక్కేనండి, మళ్ళీ ఆగమందండి అన్నారు. యంత్రం అంత మర్యాదగా చెబుతుంటే తొందరపెట్టడం ఆయనకి బాగోలేదట. ఈలోగా షెడ్డు నుంచి, బిల్లుల గది నుంచి అదే కబురు. నా దగ్గరా నొక్కి చూశాను. క్షమించండి, ప్రస్తుతం వీలుపడటం లేదండి.

ఇదివరకైతే చేత్తో చీటీ రాసిచ్చి పంపేసేవాళ్ళం. ఇప్పుడు వే బిల్లు లేకుండా లారీ రావులపాలెం దాటలేదు. ఆ వివరాలన్నీ కూర్చేది నా బొత్తాలే. లోడెక్కిన లారీలు కాటా మీద నుంచి దిగి పక్కన నిలబడిపోయాయి. వెనకవి హారన్లు మొదలెట్టాయి.

ఓనరు గారు ఆ గదిలోంచి బయటికి వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డారు. ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. చాలా నెమ్మదిగా, భోజనాల వేళలోపు నడవకపోతే ఇక ఈ బొత్తాలు వదిలేద్దాం మాస్టారూ అన్నారు. రాజమండ్రి నుంచి ప్యాకేజీ అమ్మేవాళ్ళు ఎప్పటి నుంచో తిరుగుతున్నారట, ఫోను చేస్తే ఈ పూటే వస్తారట. దాన్నంతా అమ్మాయి చూసుకుంటుంది, మీకూ ఈ తలనొప్పి ఉండదు అన్నారు. ఆయన నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నారు. కానీ బొత్తాలు పోతే మాస్టారిని అడగండి అనే మాట పోతుంది. ఆ మాట పోయాక నేను బిల్లులు కొట్టే ముసలాణ్ణి, అంతే.

పనిలో పడ్డాను. ముందు అప్‌డేటు మీద పడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాలాంటివాళ్ళు ఏం జరిగినా మొదట తిట్టేది దాన్నే. ఒక్కోసారి అది వచ్చాక స్క్రిప్టులు నడవడానికి ఉన్న అనుమతి పోతుంది. చూశాను, అనుమతి ఉంది. వైరస్‌ను పట్టేది నా స్క్రిప్టునే దొంగనుకుని పక్కన పడేసిందేమో చూశాను. లేదు. వైర్లు ఎలకలు కొట్టాయేమోనని షెడ్డు దాకా వంగి వంగి చూసుకుంటూ వెళ్ళాను. బాగానే ఉన్నాయి. తేదీ చూశాను, ప్రింటరు చూశాను. పెద్ద కంప్యూటరు వెలుగుతోందా అని ఓనరు గారి గుమ్మంలోంచి తొంగి చూశాను. వెలుగుతోంది. లోపలికి వెళ్ళి చూడాల్సింది. కానీ వెళితే ఆ కుర్చీ పక్కన నిలబడి, అమ్మా కొంచెం జరుగుతారా అని అడగాలి. ఆ ముక్క నా నోట రాదు. వెలుగుతోందిగా అనుకుని వెనక్కి వచ్చేశాను.

వచ్చి కూర్చున్నాక నా బుద్ధి ఇంకో దారి పట్టింది. ఇన్నేళ్ళు ఆగనివి ఆ అమ్మాయి వచ్చాకే ఎందుకు ఆగాయి? ఏదో కెలికే ఉంటుంది. అలా అనుకోగానే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తలనొప్పికి అమృతాంజనం రాసినట్టు ఉంది. ఆవిడే చేసి ఉండాలి, చేసి ఉంటే బాగుండును అని మనసులో మొక్కుకున్నాను కూడా. ఓనరు గారి ఎదురుగా అది బయటపడితే ఏం మాట అనాలో, ఎంత నెమ్మదిగా అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

అంతలో ఆ అమ్మాయే వచ్చింది. ఒక స్టూలు లాక్కుని నా పక్కన, కొంచెం వెనగ్గా కూర్చుంది. ఏం చూశారో అడిగింది. ముక్తసరిగా, అప్‌డేటు చేసిన పనమ్మా, మీకు తెలీదు, ఇవి పాత సంగతులు అన్నాను. తను మాత్రం, కాటా దగ్గరి కంప్యూటరు మరీ పాతది కదండి, దానికి అప్‌డేట్లు రావడం మానేసి చాలా కాలమైందండి, మరి అదెందుకు ఆగిందంటారండి అని అడిగింది.

నిజమే. ఆ కంప్యూటరుకి అప్‌డేటు వచ్చే ప్రశ్నే లేదు. పొద్దుటి నుంచి నేను పట్టుకుని కూర్చున్న కొమ్మ అది, ఒక్క ప్రశ్నతో విరిగిపోయింది. అన్ని చోట్లా ఒకేసారి ఆగిందంటే, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఏదో జరిగింది. ఇది నాకు తట్టాలి. నాకు తట్టి ఉండాలి.

"మాస్టారూ, లోపల అసలు ఏం చెబుతోందో ఒకసారి చూద్దామాండి?" అంది.

ఆ అమ్మాయి అడిగింది నాకు అర్థమైంది. నేను రాసిన మర్యాద మాటని తీసేస్తే, దాని కింద తొక్కి పెట్టిన ఎర్రటి ఇంగ్లీషు బయటికొస్తుంది. అది ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పేస్తుంది. పొద్దున్నే చెయ్యవలసిన పని అది. కానీ ఊరంతా మెచ్చిన ఆ మాటని ఆ పిల్ల కళ్ళ ముందు నా చేత్తో నేను తీసెయ్యాలి. గోడ గడియారం చూశాను. షెడ్డులోవాళ్ళు అప్పుడే క్యారేజీలు తీసుకుని పంపు దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి వెళుతున్నారు. ఇక ఆగడానికి లేదు. తీసేసి నొక్కాను.

ఎరుపు వచ్చింది. పెద్ద కంప్యూటరులో ఫలానా ఫోల్డరు లేదు అని దాని సారాంశం. ఫలానా అన్న చోట నా పేరుంది.

నా పేరుతో ఉన్నది లేదట. ఒక్క క్షణం నాకు యార్డులోంచి నన్నే తీసేసినట్టు అనిపించింది. ఇదేనన్నమాట. ఆ పిల్ల నా లెక్కలు పీకి అవతల పారేసింది. ఇందాక మొక్కుకున్న మొక్కు ఫలించింది. ఈసారి ఎవరినీ జరగమని అడగలేదు. లేచి నేరుగా ఓనరు గారి గదిలోకి వెళ్ళాను. ఆ అమ్మాయి నా వెనకే వచ్చింది. ఓనరు గారు ఫోనులో ఎవరికో సర్దిచెబుతూ చెయ్యి అడ్డంపెట్టి ఏమైంది అన్నట్టు చూశారు. ఆగండి అన్నట్టు సైగ చేసి, నిలబడే ఆ పెద్ద కంప్యూటరు తెరిచాను.

ఫోల్డరు అక్కడే ఉంది. పోలేదు. లోపల లెక్కలన్నీ ఉన్నాయి. నా పేరు కూడా ఉంది. నా పేరు పక్కన గారు అని ఉంది.

ఇన్నేళ్ళు దాన్ని నేను ఒట్టి పేరుతోనే పెట్టుకున్నాను. ఎవరి పేరుకి వాళ్ళు గారు పెట్టుకోరు కదా. బొత్తాలన్నీ ఆ ఒట్టి పేరు కోసమే వెతుకుతున్నాయి. ఒక్క గారు చేరేసరికి మనిషిని పోల్చుకోలేక, క్షమించండి అని అందరినీ ఆగమంటున్నాయి.

ఓనరు గారు ఫోను పెట్టేసి ఏం తేలిందని అడిగారు. ఇందాక సిద్ధం చేసుకున్న మాట నా నాలుక చివర ఉంది. పెద్ద కంప్యూటరులో ఎవరో చెయ్యి పెట్టారండి అని మొదలెట్టాలి, ఎవరో అన్న దగ్గర కొంచెం ఆగాలి. నోరు తెరిచాను కూడా. నాకన్నా ముందు ఆ అమ్మాయి తెర చూసి నాలుక కరుచుకుంది.

"నేనేనండి బాబాయి గారూ. నిన్న వెళ్ళేముందు అన్నీ సర్దుతున్నానండి. మాస్టారి పేరు ఒట్టిగా కనపడితే మనసొప్పలేదండి, గారు పెట్టేను. ఇలా అవుతుందని ఆలోచించలేదండి, నాదే తప్పు."

చేసింది హైదరాబాదులో ఉద్యోగం చేసి వచ్చిన పిల్ల. ఫోల్డరు పేరు మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ ఆగుతాయని తెలియకుండా ఉండదు. కానీ వాళ్ళింట్లో పెద్దవాళ్ళ పేరు ఒట్టిగా పలకరట. పలకని పేరుని అలా చూస్తూ కూర్చోలేక, కంప్యూటరు సంగతి ఆ నిమిషానికి మర్చిపోయింది. ఇలాంటి తప్పు మా వైపువాళ్ళే చేస్తారు.

ఇప్పుడు ఓనరు గారు కోప్పడాలి. ఆ దృశ్యం కోసం నేను పొద్దుటి నుంచీ కాదు, ఆ అమ్మాయి వచ్చిన వారం నుంచీ కాచుకుని ఉన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. నవ్వి, చూసేరా మాస్టారూ, పెంపకం అంటే అదీ అన్నారు. ఈ కాలం పిల్లల్లో ఇంత మర్యాద ఎక్కడుందండి అని నన్నే అడిగారు. నేను లేదండి అని ఒప్పుకోవాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి వైర్ల వెంట పాకింది నేను, తప్పు పట్టుకున్నది నేను, మెప్పు మాత్రం ఆ తప్పు చేసినవాళ్ళకి పోయింది. అంతకన్నా ఘోరం, ఆ మెప్పుకి కారణం నా పేరు. కోపం తెచ్చుకుందామంటే తెచ్చుకోవడానికి నాకు చోటే మిగల్లేదు.

సరే, ఇప్పుడు పని జరగాలి. చిటికెలో అయ్యే పని. ఆ గారు తీసేస్తే అన్నీ నడుస్తాయి. ఆ అమ్మాయి మౌసు పట్టుకుని, తీసేస్తానండి, ఒక్క నిమిషం అంది. ఓనరు గారు ఉలిక్కిపడ్డారు. పెట్టిన గారు తీసేస్తావామ్మా, అదీ మాస్టారు ఎదురుగా నిలబడి ఉండగా అన్నారు. ఆ అమ్మాయి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. గారు పెట్టకపోతే మరుపు అనుకుంటాం. పెట్టింది తీస్తే మా ఊళ్ళలో అది గొడవే. రెండక్షరాలు చెరపడానికి పెద్ద చదువు చదివిన పిల్లకీ, లారీలన్నీ ఆగిపోయి ఉన్న యజమానికీ చేతులు రావడం లేదు. ఫర్వాలేదు తీసెయ్యండి అని నేను అన్నాను, అనాలి కాబట్టి. ఇద్దరూ వినలేదు. నిజం చెప్పాలంటే, వినకూడదనే అన్నాను. తెర మీద నా పేరు అలా ఉంటే బాగుంది.

అయితే బొత్తాలనే మారుద్దాం అన్నాను. ప్రతి దాంట్లో నా పేరు పక్కన ఆ మాట చేరిస్తే సరిపోతుంది. దానికి ఒక్కో కంప్యూటరు దగ్గరికీ వెళ్ళాలి. ఇన్నేళ్ళూ అలాగే చేశాను. ఇది నా పని, ఇందులో నన్ను మించినవాళ్ళు లేరని, ఆ గదిలోంచి గబగబా బయటికి నడిచాను. ముందు నాది సరిచేశాను. తరువాత ఎండలో షెడ్డుకి వెళ్ళాను. అక్కడ కూర్చుని స్క్రిప్టు తెరిచేసరికి, అందులో నా పేరు పక్కన గారు అప్పటికే ఉంది. బిల్లుల గదికి వెళ్ళాను. అక్కడా ఉంది. కుర్చీలోంచి లేవకుండా, పెద్ద కంప్యూటరు ముందు కూర్చునే ఆ అమ్మాయి అన్నిటినీ ఒక్క దెబ్బకి మార్చేసింది. అలా చెయ్యొచ్చని నాకు తెలియదు. నేను యార్డు చుట్టి వచ్చేలోపు పని అయిపోయింది, నేను తిరగడం ఒక్కటే మిగిలింది.

రొప్పుతూ వెనక్కి వచ్చాను. ఓనరు గారు భోజనానికి లేస్తున్నారు. ప్యాకేజీవాళ్ళ మాట ఇక ఎత్తలేదు. బొత్తాలు నిలబడ్డాయి, నా పరువూ నిలబడింది. అందుకు సంతోషించాలి. గుమ్మం దగ్గర చెమట తుడుచుకుంటూ, ఆ అమ్మాయి వేళ్ళు కీబోర్డు మీద ఎంత తేలిగ్గా పోతున్నాయో చూస్తూ నిలబడ్డాను. టైపు నేర్పి బతికినవాణ్ణి, వేళ్ళని చూస్తే నాకు తెలుస్తుంది. ఆ వేళ్ళు నావి ఎందుకు కాలేదని లోపల ఒకటే మంట.

అప్పుడే కాటా ఆయన వచ్చారు. నన్ను దాటుకుని, తువ్వాలు చేతిలోకి తీసుకుని, గదిలోకి తల పెట్టారు. "మేడం గారండి, ఇప్పుడు నొక్కొచ్చాండి?"

ఆ అమ్మాయి తెర మీద నుంచి తల తిప్పలేదు. ఆ బొత్తాన్ని ఒక్క క్షణం ముందే తన చేతులతో బాగుచేసింది, నొక్కొచ్చని తనకి తెలుసు.

"నాకు తెలీదండి," అంది. "మాస్టారిని అడగండి."

కాటా ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారండి, నొక్కొచ్చాండి?" అన్నారు. అడగమన్నారు కాబట్టి అడిగినట్టుంది ఆ గొంతు. ఇన్నేళ్ళూ నేను బతికింది ఈ ఒక్క మాట మీద. ఈవేళ దాన్ని ఆ పిల్ల నాకు ఇప్పించింది. ఇప్పిస్తేనే వచ్చింది.

"ఆయ్, నొక్కండి," అన్నాను.